నీడకు పెట్టిన బస్సు

సొహార్‌లో మే నెల ఎండ తలుపు తట్టదు.
నేరుగా లోపలికొచ్చి సీట్లో కూర్చుంటుంది.
మూడో నంబరు బస్సులో
ఈ నెల నలుగురు ఆడపిల్లలు కళ్లు తిరిగి పడ్డారు.
నాలుగో పిల్ల నా ఒళ్లోనే పడింది,
మెహ్‌రీన్, ఆరో తరగతి,
పెదాలు వడియాల్లా ఎండిపోయి.

గురువారం మగ్రిబ్ బాంగు అయినాక
లైబ్రరీలో మీటింగన్నారు.
పదకొండేళ్ల కొలువులో
ఈ ఆయాని కుర్చీలో కూర్చోమన్న మొదటి మీటింగు.
అంచునే కూర్చున్నాను,
లేవమంటే లేవడానికి వీలుగా.

కొత్త బస్సు కొనమన్నాడు ఒక తండ్రి.
ఫీజు పెంచితే ఊరుకోనన్నాడు ఇంకో తండ్రి.
ఏసీ మార్చమన్నారు, డ్రైవర్ని మార్చమన్నారు.
దాద్ రహీం నా పక్కనే ఉన్నాడు,
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఫిజిక్సు చెప్పే పుండరీకాక్షం సారు
గోడంత తెల్లకాగితం అంటించి
మందు తర్వాత, ముందు నాడి చూద్దాం అన్నాడు.
నడిమధ్య "పడిపోయిన పిల్ల" అని రాసి సున్నా చుట్టాడు.
"తప్పెవరిదో రాయొద్దు.
ఏది దేన్ని కదిలిస్తోందో, తెలిసినవాళ్లు బాణం గీయండి."

చాలాసేపు ఏసీ ఒక్కటే మాట్లాడింది.

నర్సు లేచి గీసింది: నీళ్లు తాగడం లేదు.
అది నాకూ తెలుసు.
నిండుకుండ తొణకదంటారు,
ఇంటికి తిరిగెళ్లే ఆ సీసాలూ తొణకవు.
ఎందుకు తాగరట?
ఎనిమిదో తరగతి పిల్ల తల దించుకుని చెప్పింది:
తాగితే వెళ్లాల్సొస్తుంది. అక్కడికి వెళ్లలేం.
బాత్రూములు కడిగే షెఫాలీ
తన భాషలో ఏదో గట్టిగా అని, హిందీలోకి దిగింది:
పదింటికే కొళాయి దగ్గుతుంది, దేంతో కడగను?
ఏడున్నరకు రావాల్సిన ట్యాంకరు
పదకొండున్నరకు వస్తోందన్నాడు గుమాస్తా.
వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు.
ఏడున్నరకే వస్తున్నాడు సార్,
పడమటి గేటు దాకా వచ్చి, దారి లేక,
లేబరు క్యాంపులో పోసి మళ్లీ వస్తున్నాడు.

గేటుకి అడ్డం ఏముంది?

కాగితం మీది బాణం
నా వైపు నడిచి రావడం చూశాను.

పడమటి గోడకు పొద్దున కాస్త నీడ ఉంటుంది.
పిల్లల తొడలు చుర్రుమంటున్నాయని
బస్సు అక్కడ పెట్టమని
దాద్ రహీంని బతిమాలింది నేనే.
పదకొండు కాగానే ఆ నీడ ఎటూ పోతుంది,
అప్పుడు బస్సూ జరుగుతుంది,
అప్పుడే ట్యాంకరూ వస్తుంది.

నా జాలే వెళ్లి గేటుకు అడ్డం పడుకుంది.
బడంతా తిరిగి తిరిగి
మెహ్‌రీన్ అయి నా ఒళ్లో పడింది.

రాజంపేటలో ఐదో తరగతి దగ్గర
బలపం వదిలేసిన చేత్తో
ఆ బాణం నేనే గీశాను, వంకరగా.
ఎవరూ నన్నొక్క మాట అనలేదు.
అది ఇంకా కష్టంగా ఉండింది.

తర్వాత గంటన్నర మాటలు.
కొత్త బస్సు మాట మళ్లీ రాలేదు.
బస్సులు తూర్పు స్థలానికి మారాలి,
పైన పరదా కట్టాలి, గుడ్డ ఎవరు తెస్తారు?
ప్రిన్సిపాల్ మేడం అయిదేళ్ల ప్లాను అంది,
గుమాస్తా ముందు అయిదు వారాలు చూద్దామన్నాడు.
ట్యాంకరు మనిషిని పిలవనే లేదే అంది షెఫాలీ.
అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.
వచ్చే గురువారానికి ఒక కుర్చీ ఎక్కువ.

పరదా మూల ఒకటి గాలికి అప్పుడే ఊడింది.
మూడో బాత్రూము ఇంకా కంపే.
కొళాయి మాత్రం పన్నెండు దాకా దగ్గడం లేదు.

నిన్న మధ్యాహ్నం రౌండబౌట్ దాటగానే
మెహ్‌రీన్ నా దుపట్టా లాగింది.
సీసా తలకిందులు చేసి చూపించింది, ఒక్క చుక్క లేదు.
మొత్తం తాగేశానాంటీ.
శభాష్ అన్నాను.
"అది కాదాంటీ... బస్సు కాస్త ఆపిస్తారా?"

దాద్ రహీం అద్దంలోంచి నా వైపు చూశాడు.
పెట్రోలు బంకు ఇంకా రెండు కిలోమీటర్లు.
గురువారం దాకా ఆగేలా లేదు
ఈ కొత్త బాణం.